నక్క దెబ్బ పద్నాలుగు

ఫిబ్రవరి 11

ఈ రోజు మా ఆడపడుచు చిలక బొటనవేలితో బటన్ నొక్కలేకపోయింది. మూడుసార్లు ప్రయత్నించి ఆట రిమోట్‌ను నా ఒళ్లోకి తోసేసింది.

"ఇక నువ్వే వదినా," అంది. మాట ఇంకా వస్తోంది, ముద్దముద్దగా.

నాకు ఆటలు రావన్నాను.

"లెక్కలు వచ్చుగా. ఇది లెక్కలాటే."

టైపు స్కూల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో కొనుక్కున్న ఆట ఇది. జపాను భాషలో ఉంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. అప్పట్లో చివరి కోట తలుపు దాకా వెళ్లిందట. లోపలున్న వాడి చేతిలో ఎన్నిసార్లు ఓడిపోయిందో తనకే లెక్కలేదు. తర్వాత స్కూల్లో పని పెరిగి, పిల్లల పరీక్షలతో ఆట అటకెక్కింది. ఇప్పుడు వాళ్ల అన్నయ్య చేత దింపించింది. లోపలి బ్యాటరీ చచ్చి పాత ఆటంతా చెరిగిపోయిందని టీవీ రిపేరు ఆయన కొత్తది వేసిచ్చాడు. మొదటి నుంచి ఆడాలి.

"ఆ తలుపు అవతల ఏముందో చూడాలి. చేతులు పోతే పోయాయి, కళ్లున్నప్పుడే చూడాలి."

కండలు ఒక్కొక్కటే చచ్చుబడే ఈ జబ్బుకి నరాల డాక్టరు చెప్పిన నెలల సంగతి మేమిద్దరం ఎత్తుకోం. సరేనన్నాను. రోజూ స్నానమయ్యాక, పదకొండు నుంచి పన్నెండున్నర దాకా.

ఫిబ్రవరి 13

నియమాలు రాసిపెట్టుకుంటున్నాను.

నలుగురు మనుషులు. కత్తివాడు: వాడు 'అన్నయ్య' అట, అంటే మా ఆయన. మంత్రాల ముసలాయన. గాయాలు మాన్పే తెల్ల ముసుగు ఆవిడ: అది నేనట. నాలుగోది దొంగపిల్ల. అందరికంటే వేగం ఎక్కువ, అందరికంటే ప్రాణం తక్కువ. అది చిలక.

యుద్ధం వంతులవారీగా నడుస్తుంది. మన వంతు రాగానే తెరమీద నాలుగు గీతలు. మొదటిది కొట్టడం, రెండోది మంత్రం, మూడోది మందు, నాలుగోది పారిపోవడం. మనం ఏదో ఒకటి చెప్పేదాకా రాక్షసులు కూడా కదలకుండా నిలబడతారు. ఈలోపు స్టవ్ మీద పాలు చూసి రావచ్చు. ఇది నాకు నచ్చింది.

గెలిస్తే అనుభవం వస్తుంది, అది పోగైతే లెవెలు పెరుగుతుంది. యుద్ధం ముగిసేసరికి నిలబడి ఉన్నవాళ్లకే అనుభవం పంచుతారు. పడిపోయినవాళ్లకి సున్నా.

"ఇదేం న్యాయం? దెబ్బలు తిన్నదానికి కదా అనుభవం ఎక్కువ?" అన్నాను.

"ఆట చేసింది మగాడు వదినా," అంది చిలక.

పడిపోయినవాళ్లను లేపే మందు ఉంది. అరుదుగా దొరుకుతుంది. ఒకటి దొరికింది. వాడలేదు.

నోటుబుక్కులో రెండు గళ్లు గీశాను. ఎడమవైపు చిలక: మందు వేళలు, తిన్న చెంచాలు. కుడివైపు ఆట.

మొదటి అడవి. నక్క ఒక్కసారి కొడితే ప్రాణంలోంచి తగ్గే అంకెను దెబ్బ అని రాస్తున్నాను. నక్క దెబ్బ 14.

ఫిబ్రవరి 24

అడవిలోనే ఉన్నాం. రోజుకి ఇరవై యుద్ధాలు.

"అడవిలో నక్కలన్నీ నిన్ను చూసి ఇల్లు ఖాళీ చేస్తున్నాయి. వంతెన దాటుదాం వదినా."

"ఇంకో రెండు లెవెళ్లు."

"నిన్నా అదే అన్నావు."

"తొందరపడి పోతే వంతెన అవతల చావుదెబ్బ తింటాం. కాస్త గట్టిపడనీ."

చిలక కళ్లు తిప్పింది. ఇరవై మూడేళ్లుగా చూస్తున్న తిప్పడమే. నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి నెలలో వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాను. "మా వదిన ఉప్పుకి కూడా పుట్టినరోజు రాసిపెడుతుంది," అని చుట్టాలందరికీ చెప్పింది. ఏడాదిపాటు ఆ మాటకి నేను దానితో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మందు డబ్బాల మీద నా చీటీలు చదివి పొద్దున ఏవి వేయాలో చెప్పేది అదే.

మార్చి 2

మా ఆయన బస్సు డిపో నుంచి తొందరగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఇద్దరూ చిన్నపిల్లలైపోయారే."

"అన్నయ్యా, నువ్విప్పుడే చచ్చిపోయావు," అంది చిలక.

"నేనా?"

"ఎర్ర చొక్కా. అదుగో, నేలమీద. మందుంది. మీ ఆవిడ వాడదు. దాస్తోంది."

"ఎంతకాలం దాస్తావే?" అని నన్నడిగారు.

"అవసరమైనప్పుడు తీస్తాను," అన్నాను.

"నేను చచ్చిపడుంటే ఇంకేం అవసరం రావాలి?"

చిలక నవ్వి నవ్వి పొలమారింది. వీపు రాస్తూ కూర్చున్నాను. ఊపిరి కుదురుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఎడమ గడిలో రాశాను.

మార్చి 19

చిలక మాట మాకు అందడం లేదు. ఆయనకి అసలు అర్థం కావడం లేదు, నాకు సగం.

టైపు స్కూలు నుంచి తను తెచ్చుకున్న పాత తెలుగు కీబోర్డు చార్టు గోడకి తగిలించాను. అక్షరాలు వరుసగా రాసిన పలక చేస్తానంటే వద్దంది. పద్దెనిమిదేళ్లు పిల్లల వేళ్లని నడిపించిన చార్టు అది. ఏ అక్షరం ఎక్కడుందో దానికి కళ్లు మూసుకున్నా తెలుసు. నేను పుల్లతో వరుసలు చూపిస్తాను, సరైన చోట కళ్లు పైకెత్తుతుంది. పైకి చూస్తే ఔను, కిందికి చూస్తే కాదు. గుణింతాలు అక్కర్లేదు, హల్లులు చూపిస్తే మిగతాది నేను పూరిస్తాను.

మొదట చెప్పిన మాట: నీ పుల్ల నెమ్మది.

"నేనేమన్నా నీ దగ్గర పాఠం నేర్చుకున్నానా," అన్నాను.

ఇప్పుడు నేర్చుకో, అంది.

ఏప్రిల్ 9

దొంగపిల్ల ఇంకా రెండు లెవెళ్లు వెనకబడింది. ఎప్పుడు చూసినా పడిపోయి ఉంటుంది, దాని వాటా మిగతా ముగ్గురికి పోతుంది. నలుగురినీ సమానం చేయకుండా ముందుకెళ్లడం నాకిష్టం లేదు. ప్రమాదం లేని చోటని మొదటి అడవికి తీసుకొచ్చాను.

నక్క దెబ్బ 22. తప్పు చూశానేమో.

చెంచాలు 31. నిన్న 34.

ఏప్రిల్ 16

వారానికోసారి వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి చిలక చెయ్యి పట్టుకుని చూసి, "రోజూ పదిసార్లే చేయిస్తున్నారు కదండీ?" అంది.

"ఆ."

"ఈ జబ్బులో ఎక్కువ చేయిస్తే బలం రాదండీ. ఉన్న కండ ఇంకా త్వరగా అలిసిపోతుంది. బిగుసుకోకుండా ఉంటే చాలు."

చిలక నావైపు చూసింది. ఇరవైసార్లు చేయిస్తున్నానని నేను చెప్పలేదు. అదీ చెప్పలేదు.

రేపటి నుంచి పది.

ఏప్రిల్ 17

పదిహేను.

మే 28

కోట తలుపు. నల్లటి రాయి, రెండు దీపాలు. ఇరవై ఏళ్ల కిందట చిలక ఆగిపోయిన చోటు. తలుపు ముందు ఆటను దాచుకునే స్తంభం ఉంది, అక్కడ దాచాను. దాచడమంటే, ఓడిపోయినా ఇక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది.

చిలక చార్టు వైపు చూపు తిప్పింది. పద, అంది.

"అందరూ నలభై లెవెలైతే పోదాం. ముసలాయన ముప్పై ఎనిమిదిలోనే ఉన్నాడు."

పద.

"రెండు రోజులు ఓపిక పట్టు చిలకా. ఇంతదాకా వచ్చి ఓడిపోతే?"

చార్టు వైపు చూడటం మానేసింది. అవతలి గోడవైపు కళ్లు తిప్పుకుని, తిండి దగ్గర కూడా నావైపు చూడలేదు.

చెంచాలు 19.

జూన్ 6

అందరూ నలభై ఒకటి. లోపలికి వెళ్లాం. మూడు తలల వాడు. మొదటి దెబ్బకి దొంగపిల్ల, రెండోదానికి ముసలాయన, నాలుగోదానికి నేను. దాచుకున్న తొమ్మిది మందులూ పోశాను. లేచినవాళ్లు లేచినట్టే పడ్డారు.

మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ అంతే. నాలుగు నెలలు తయారై వెళ్లిన వాళ్లం మూడు నిమిషాలు నిలబడలేదు.

జూన్ 7

చిలక స్నానమయ్యాక పడుకుంది. నేను నోటుబుక్కు ముందు నుంచి తిరగేశాను.

మొదటి అడవి, నక్క. ఫిబ్రవరిలో దెబ్బ 14. ఏప్రిల్‌లో 22. మే మొదట్లో ఒకసారి 31 అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. అదే అడవి, అదే నక్క. నా కవచం మాత్రం మారింది, ఇంకా మంచిది. అలాంటప్పుడు దెబ్బ తగ్గాలి.

గబ్బిలం చూశాను. రాతి మనిషిని చూశాను. అన్నీ అంతే. మేం చేసిన యుద్ధాల లెక్క పక్కన పెట్టి చూస్తే, ప్రతి రెండు వందల యుద్ధాలకీ రాక్షసులు ఒక మెట్టు ఎక్కుతున్నారు. మాకంటే కొంచెం వేగంగా. మొత్తం యుద్ధాలు 2,316.

అంటే వాణ్ని అంత బలవంతుణ్ని చేసింది నేనే. నా చేతి రాతలోనే ఉంది. ఏప్రిల్‌లోనే ఉంది. తప్పు చూశానేమో అని రాసుకున్నాను.

చిలక లేచాక పేజీలు తిప్పి చూపించాను. అది కళ్లతో 14 మీద, 22 మీద, 31 మీద ఆగి, నవ్వింది. ముఖంలో నవ్వేందుకు ఇప్పుడు ఎడమ పెదవి చివర ఒక్కటే మిగిలింది.

చార్టు అడిగింది.

నేనూ ఇంతే. ఇరవై ఏళ్ల కింద.

"నన్ను తిట్టు చిలకా. నాలుగు నెలలు తినేశాను."

బాగున్నాయి, అంది. ఆ నాలుగు నెలలు.

మళ్లీ చార్టు: మొదటి నుంచి. ఈసారి పారిపో.

జూన్ 8

పాతది చెరిపేసి కొత్తది మొదలుపెట్టాను. నక్క దెబ్బ 14.

నాలుగో గీత నొక్కడానికి చెయ్యి రాలేదు. ఫిబ్రవరి నుంచి ఒక్కసారి కూడా వాడని గీత. నొక్కితే నలుగురూ వెనక్కి తిరిగి కాళ్లు గబగబా ఆడిస్తూ తెర అంచు దాటిపోయారు. దొంగపిల్ల అందరికంటే ముందు.

ఇంత సులువా.

పారిపోయింది 31 సార్లు. తప్పనిసరి యుద్ధాలు 2.

జూన్ 13

నెలన్నర పట్టిన ఎడారి అరగంటలో దాటాం. ఊళ్లలో ఆగి చిలక అల్లుకున్న కథ చెప్పించుకున్నాను. భాష రాదు కాబట్టి ఇరవై ఏళ్ల వయసులో తనే అల్లుకుందట: ఆ మూడు తలల వాడు ఊరి గంట ఎత్తుకుపోయాడు, గంట మోగక ఊళ్లో ఎవరికీ ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో తెలియడం లేదు. ఈ నలుగురూ గంట తేవడానికి పోతున్నారు.

"గంట తెచ్చాక?"

స్కూలు టైముకి మొదలవుతుంది, అంది.

నీళ్లలో చిక్కదనం పొడి ఇంకో అర చెంచా పెంచాను. పల్చటివి మింగలేకపోతోంది.

జూన్ 19

తలుపు. పదకొండు రోజుల్లో. నలుగురూ పదిహేడో లెవెలు. లేపే మందులు మూడే. స్తంభం దగ్గర దాచాను.

పద, అంది. రేపు, అన్నాను.

జూన్ 20

దుప్పట్లు ఉతికాను. ఆట కుదరలేదు.

జూన్ 21

అలమరలు సర్దాను.

జూన్ 22

ఆయన పెద్దమ్మ కూతురు చూడటానికి వచ్చింది. పన్నెండు దాకా కూర్చుంది. నేనే కూర్చోమన్నాను.

జూన్ 24

పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఆసుపత్రి.

జూలై 3

ఇంటికి తెచ్చాం. తల నిలబడటం లేదు, రెండు దిండ్ల మధ్య పెట్టాను. కళ్లు మాత్రం ఉన్నాయి.

వచ్చేముందు డాక్టరు నన్నూ మా ఆయన్నీ పక్కకి పిలిచి, "మళ్లీ ఊపిరి ఆగితే గొంతులో గొట్టం వేసి మిషను పెట్టాలా వద్దా, ముందే అనుకుని ఉంచుకోండి," అన్నారు.

"పెట్టాలి. పెట్టకుండా ఎలా ఉంటాం?" అన్నారు ఆయన.

"ఆమెను అడిగారా?"

ఆయన నావైపు చూశారు. నేను మందుల చీటీ చదువుతున్నాను.

జూలై 5

పదకొండింటికి టీవీ మంచం వైపు తిప్పాను. లోపలికి వెళ్లాం.

వాడి దెబ్బ ఈసారి సగమే. ఎంత తేడా. కానీ మొదటి దెబ్బకే దొంగపిల్ల పడింది. దాని ప్రాణం అంతే.

మా వంతు. చిలక కళ్లలోకి చూస్తూ గీతలు ఒక్కొక్కటే చూపించాను. కొట్టడం దగ్గర పైకి చూసింది. నేను మందు దగ్గర మళ్లీ ఆగాను. కిందికి చూసింది. కాదు.

అయినా మందే వేశాను. దొంగపిల్ల లేచింది. వాడి వంతు, మళ్లీ పడింది. మళ్లీ లేపాను. ఒక్కో వంతు ఇలా పోయింది. మూడు మందులూ అయ్యేసరికి కత్తివాడు కూడా పడ్డాడు, తర్వాత అందరం.

చిలక కళ్లు మూసుకుని చాలాసేపు తెరవలేదు. తెరిచాక చార్టు వైపు చూసింది. ఒక్కో అక్షరానికి అర నిమిషం పట్టింది.

నన్ను లేపకు.

"ఆటలోనేగా?" అన్నాను.

పైకి చూడలేదు, కిందికీ చూడలేదు. నన్నే చూస్తూ ఉండిపోయింది. చివరికి నేనే పుల్ల కింద పెట్టాను.

జూలై 6

దొంగపిల్ల పడింది. అలాగే ఉంచాను.

కొట్టు, అంది. మంత్రం. కొట్టు. గాయం మాన్పు. కొట్టు. ప్రతి గీతా తనే చెప్పింది. తొందరేం లేదు. మేం చెప్పేదాకా వాడు కదలడు. ఒకసారి మధ్యలో కఫం తీయాల్సి వచ్చింది, తీసి, మూతి తుడిచి, వచ్చి కూర్చున్నాను. వాడు అలాగే ఉన్నాడు.

ఇరవై రెండో వంతులో వాడు కూలిపోయాడు.

అనుభవం ముగ్గురికే పంచారు. తెల్ల ముసుగు ఆవిడ లెవెలు పద్దెనిమిదికి పెరిగింది. చివరి యుద్ధమైపోయాక పెరిగి ఏం చేసుకుంటుంది.

తర్వాత ముగింపు. కోట కూలింది. ముగ్గురు మనుషులు సముద్రం ఒడ్డుకి నడిచారు. ముగ్గురే. నిలబడినవాళ్లే. ఒక పడవ వచ్చింది, ఎక్కారు, పోయింది. తెరంతా నీళ్లు. దాని మీద ఎవరెవరివో పేర్లు కింది నుంచి పైకి పోతూ ఉన్నాయి. సంగీతం బాగుంది.

"గంటేదీ?" అన్నాను. "నీ కథ తప్పయిపోయింది."

పైకి చూసింది. ఔను. ఎడమ పెదవి చివర కదిలింది. పేర్లు అయిపోయేదాకా రెప్ప వేయకుండా చూసింది.

ఆయనకి ఫోను చేసి చెప్పాను. "గెలిచారా," అన్నారు. తర్వాత డిపోలో బస్సుల హారన్లు వినపడ్డాయి.

జూలై 7

సాయంత్రం ఆయన్ని మంచం దగ్గర కూర్చోబెట్టి, చిలకని నేనే అడిగాను. ఊపిరి ఆగితే మిషను పెట్టమంటావా అని. ఆయన ఎదురుగానే అడిగాను, అది నా మాటగా మిగలకూడదని.

కిందికి చూసింది.

"ఇంకోసారి ఆలోచించవే," అన్నారు ఆయన.

కిందికి చూసింది.

ఆయన లేచి వరండాలోకి వెళ్లారు.

జూలై 9

చెంచాలు 6.

జూలై 12

చెంచాలు 2.

జూలై 15

పొద్దున తొమ్మిదీ ఇరవై. ఊపిరి ఒకటి వచ్చింది, తర్వాతది రాలేదు. కళ్లు నావైపే ఉన్నాయి.

ఆయన ఫోను తీశారు. అంబులెన్సుకి అంకెలు నొక్కుతున్నారు.

"వద్దండీ," అన్నాను.

"ఎలా చూస్తూ కూర్చుంటావు?"

"అడిగాం కదా. చెప్పింది కదా."

ఆయన చేతిలోంచి ఫోను నేనే తీసుకున్నాను. ఆయన వదిలేశారు. చిలక చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బిగుసుకోకుండా ఉంది.

జూలై 30

ఆట పెట్టెను అటక మీద పెట్టేద్దామని తీశాను. పెట్టేముందు పనిచేస్తోందో లేదో ఒకసారి చూడాలి కదా.

ఈ ఆట గెలుపును దాచుకోదు. ముగింపు అయిపోయాక దానికేం గుర్తుండదు. చివరిసారి స్తంభం దగ్గర దాచిన చోటికే తీసుకొచ్చి నిలబెట్టింది. నల్లటి తలుపు, రెండు దీపాలు. నలుగురూ ఉన్నారు. దొంగపిల్ల కుదురుగా నిలబడలేక కాళ్లు మార్చుకుంటోంది. అందరి ప్రాణమూ నిండుగా ఉంది.

లోపలికి వెళ్లాను. మొదటి దెబ్బకి దొంగపిల్ల పడింది. మందు వేశాను. లేచింది. పడింది. లేపాను. మూడు మందులు అయ్యాయి, నలుగురం పడ్డాం.

మళ్లీ తలుపు దగ్గర. మందులు మళ్లీ మూడు.

ఆయన అన్నానికి పిలిచారు. వస్తున్నానన్నాను.

పదకొండు నుంచి ఒకటిన్నర దాకా. యుద్ధాలు 7. గెలుపు సున్నా. మందులు 21, అన్నీ ఒక్కరికే.